పురుగుమందు కొట్టే కైకిలోళ్లకు (కూలీలకు) పట్నం యూనియన్లు ఏం చెయ్యగలవు? పత్తి సీజన్‌కు ముందే తేల్చుకుందాం

ఎనుమాముల ముఠా

సంఘాలల్ల ఉన్నోళ్లందరికీ నమస్తే. మేం వరంగల్ ఎనుమాముల మార్కెట్ హమాలీలం. హమాలీ, ఆర్టీసీ, సింగరేణి, మున్సిపల్, ఎవరి సంఘం వాళ్లకుంది. ఊర్లల్ల మందు కొట్టే కైకిలోళ్లకు మాత్రం అడిగే దిక్కు లేదు. ఆగస్టు నుంచి పత్తి చేన్లల్ల, ఆ తర్వాత మిర్చి తోటలల్ల పంపు మోసేది వాళ్లే. 2017ల పెన్‌గంగ అవతల యవత్‌మాల్ జిల్లాల పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయిండ్రు. అక్కడి పంట, అక్కడి పంపులు, అక్కడి వాన కాలం ఉక్కపోత, అన్నీ మన ఆదిలాబాద్, భూపాలపల్లి, పరకాల లెక్కనే.

తీర్మానం చేసి ఫొటో దిగితే వాళ్లకు ఒరిగేదేం లేదు. పని తెలిసినోళ్లు లెక్కతోటి చెప్పాలె. ఏం కొనాలె, ఏం రాయించాలె, ఎక్కడ చెడిపోతది? మా ముఠాలల్ల ఎక్కువమంది మాస్కులు పంచుదాం అంటున్నరు. అదే మొదలు పెట్టుడు సరైందేనా?

పరకాల పత్తిచేను

మాస్కు తర్వాత, అన్నా. ముందు ట్యాంకు రేటు సంగతి చూడాలె.

మా దిక్కు మందు కొట్టుడు రోజుకూలీ కాదు, ట్యాంకు లెక్క. 16 లీటర్ల ట్యాంకు ఎన్ని కొడితే అన్ని పైసలు. ఒక ట్యాంకు ఖాళీ అయ్యేటందుకు 20 నిమిషాలు, మళ్ల నింపి మందు కలిపేటందుకు 5 నిమిషాలు అనుకుందాం. పొద్దున ఆరింటి నుంచి పదింటి దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా కొడితే ఆరున్నర గంటలు. 15 ట్యాంకులు దాటవు. 25 కొట్టాలంటే పది గంటలు దాటుతది, అంటే నడి ఎండల కూడా కొట్టాలె. చెమట పట్టిన తోలు మందును ఎక్కువ గుంజుకుంటది. గ్లౌజులల్ల చేతులు ఉబ్బుతయని తీసి పక్కకు పడేస్తరు. మధ్యాహ్నం నేల కాగి గాలి పైకి లేస్తది, సన్న తుంపర ఆకు మీద పడకుండ మొకం మీదికి వస్తది. చేతులు, మొకం కడుక్కునేటందుకు పది నిమిషాలు పోయొస్తే అరట్యాంకు పైసలు పోయినట్టే. కైకిలోళ్ల నిర్లక్ష్యం అని అందరు అంటరు. ఆ నిర్లక్ష్యం చేయించేది రేటే.

అందుకే మొదటి డిమాండు: మందు కొట్టుడుకు ట్యాంకు రేటు తీసేసి రోజుకూలీ పెట్టాలె, 25 ట్యాంకులకు వచ్చే పైసలు 15 ట్యాంకుల రోజుకే రావాలె. కడుక్కునే సమయం, నీళ్లు తాగే సమయం ఆ కూలీల కలిసే ఉండాలె. ఇది ఖర్చు లేకుంట వచ్చే రక్షణ కాదు, రైతుకు ఎకరం మీద భారం పడుతది. దాని సంగతి రైతులు అడుగుతరు, అప్పుడు మాట్లాడుదాం.

ఇంకోటి. పత్తి ఛాతీ ఎత్తుకు పెరిగినంక పని మొత్తం మారిపోతది. అప్పటిదాకా లాన్స్ (మందు చిమ్మే పొడుగు గొట్టం) మోకాళ్ల దగ్గర ఉంటది, అప్పటి నుంచి భుజం దాకా లేస్తది. కొట్టిన తడి ఆకులల్లకెళ్లే ముందుకు నడుస్తరు కాబట్టి తొడలు, పొట్ట, గజ్జలు నానిపోతయి. సాలు నడుమ గాలి ఆడదు. బ్యాటరీ పంపు, పెట్రోలు పంపు ఒత్తిడి ఎక్కువ, తుంపర పొగమంచు లెక్క లేస్తది. గాలి వాలుకు ఉన్న కొస నుంచి మొదలుపెట్టి, లాన్స్‌ను గాలి పోయే దిక్కే పట్టుకొని, ఒక్కొక్క సాలు గాలికి ఎదురుగ జరుగుకుంట పోవాలె. అట్లయితే ఎప్పుడు చూసినా మందు పడని సాలులనే నడుస్తున్నట్టు అయితది. ఎదురుగాలికి లాన్స్ చాపి కొట్టుడు మాత్రం ఎంత తొందరున్నా వద్దు.

వార్డు డ్యూటీ

ఆస్పత్రి వైపు నుంచి చెప్పాల్సినవి చాలా ఉన్నాయి, ఓపికగా చదవండి.

ఆర్గానోఫాస్ఫేట్ రకం మందులు (మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్, క్లోరోపైరిఫాస్, ఎసిఫేట్ లాంటివి) ఒంట్లోకి పోతే నోట్లోంచి చొంగ, కళ్ల నీళ్లు, విపరీతమైన చెమట, వాంతులు, విరేచనాలు, ఛాతీ పట్టేయడం, కండరాలు అదరడం కనిపిస్తాయి. కంటిపాప గుండుసూది మొనంత చిన్నదవుతుంది. చేన్లో చాలాసార్లు దీన్ని వడదెబ్బ అనుకుని నీడన పడుకోబెడతారు. వడదెబ్బలో ఒళ్లు కాలిపోతుంది, కానీ కంటిపాప అలా చిన్నది కాదు, చొంగ కారదు. ఫోన్ టార్చి అవసరం లేకుండానే నీడలో కంటిపాప చూస్తే తేడా తెలుస్తుంది.

అనుమానం రాగానే పంపు దించి, బట్టలన్నీ విప్పేయాలి. లుంగీ, బనియన్, మొలతాడు గుడ్డతో సహా. తడి బట్ట ఒంటి మీద ఉన్నంతసేపూ మందు లోపలికి పోతూనే ఉంటుంది. సబ్బుతో, చాలా నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. జుట్టు, చెవుల వెనక, గోళ్ల సందులు, గజ్జలు మరిచిపోవద్దు. కళ్లలో పడితే మంచినీళ్లు ధారగా 15 నిమిషాలు పోయాలి. కడిగేవాళ్లు కూడా చేతులకు గ్లౌజులు, లేదంటే కనీసం ప్లాస్టిక్ సంచులు తొడుక్కోవాలి. చింతపండు నీళ్లు, ఉప్పు నీళ్లు తాగించి వాంతి చేయించవద్దు. ఈసీ (డబ్బా మీద EC అని ఉండే నూనె రకం) మందుల్లో ఉండే ద్రావకం వాంతితో పాటు ఊపిరితిత్తుల్లోకి పోతే అది ఇంకో ప్రమాదం. పాలు, నెయ్యి కూడా వద్దు. స్పృహ తప్పితే ఎడమ పక్కకు పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

మనిషితో పాటు మందు డబ్బా రావాలి. డబ్బా వద్దనుకుంటే దాని లేబుల్ ఫొటో అయినా రావాలి. ఒకే ట్యాంకులో మూడు మందులు కలిపితే మూడింటివీ. ఎందుకంటే ఆర్గానోఫాస్ఫేట్‌కు విరుగుడుగా అట్రోపిన్ ఇంజెక్షన్ ఇస్తాం, దానితో పాటు ప్రాలిడాక్సిమ్ ఉంది. కార్బమేట్ అనే ఇంకో రకానికి అట్రోపిన్. పైరిథ్రాయిడ్లకూ, డయాఫెంథియురాన్ లాంటి వాటికీ ప్రత్యేక విరుగుడు లేదు, లక్షణాలకు వైద్యం చేస్తాం. పారాక్వాట్ గడ్డిమందుకు విరుగుడు లేకపోగా, అవసరం లేకుండా ఆక్సిజన్ పెడితే ఊపిరితిత్తుల దెబ్బ పెరుగుతుంది. అంటే పేరు తెలియకపోతే చికిత్సే తప్పుదారి పట్టవచ్చు. ఎయిమ్స్ ఢిల్లీలోని విష సమాచార కేంద్రం ఉచిత నంబరు 1800 116 117. దాన్ని పంపు మీదే పెయింట్‌తో రాయించండి.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట: ఆర్గానోఫాస్ఫేట్ కేసుల్లో మొదటి రోజు చొంగ, చెమట తగ్గాక మనిషి లేచి కూర్చుంటాడు. ఇంటివాళ్లు తీసుకుపోతామంటారు. 24 నుంచి 96 గంటల మధ్య మెడ కండరాలు, ఊపిరి కండరాలు సడలిపోయే దశ రావచ్చు. దిండు మీద నుంచి తల ఎత్తి పట్టుకోలేకపోతే అది మొదలైందని గుర్తు. అందుకే నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉంచాలి. యూనియన్ వాళ్లు ఈ నాలుగు రోజులు పక్కన ఒక మనిషిని ఉంచితే, ఇంట్లో వాళ్ల కూలీ పోకుండా తిండి ఖర్చు చూస్తే, ఆ సాయం వంద మాస్కుల కన్నా పెద్దది.

సీజన్ మొదలవకముందే ఊరికి దగ్గరి పీహెచ్‌సీకి పోయి అట్రోపిన్ ఎంత ఉందో అడగండి. తీవ్రమైన కేసు ఒక్కదానికే గంటలో పదుల ఆంప్యూల్స్ (చిన్న ఇంజెక్షన్ సీసాలు) అయిపోతాయి. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి చేరేలోపు దారిలో ఇవ్వడానికి ఉండాలి కదా.

బొగ్గుబావి రెస్క్యూ

మాస్కుల విషయం మాకు వదిలేయండి. సింగరేణిలో రెస్క్యూ శిక్షణ తీసుకున్నవాళ్లకు రోజూ ఉండే పని ఇది. రామగుండం, భూపాలపల్లిల్లో అలాంటి మనుషులున్నారు. ఆదివారం ఒక పూట ఊరికొచ్చి తొడుక్కోవడం నేర్పడం మా సంఘాల చేతిలో ఉన్న పనే.

తువ్వాల ముక్కుకు కట్టుకుంటే ఉపయోగం లేదు, తడిసిన తువ్వాల మందును మూతికి అంటించి పెడుతుంది. ఎన్95 తుంపరను ఆపుతుంది, ఆవిరిని ఆపదు. ఘాటు వాసన మందులకు సగం ముఖం రబ్బరు మాస్కు, దానికి గోధుమరంగు పట్టీ ఉన్న కార్ట్‌రిడ్జ్ (ఆవిరిని పీల్చే డబ్బీ), దాని ముందు తెల్ల పట్టీ ఉన్న తుంపర ఫిల్టర్ కావాలి. గోధుమరంగు సేంద్రియ ఆవిరికి, తెలుపు రేణువులకు. పసుపు పట్టీదో ఆకుపచ్చదో చవకగా వస్తుందని కొనకండి, అవి వేరే వాయువులవి.

తొడిగాక రెండు అరచేతులతో కార్ట్‌రిడ్జ్‌లు మూసి ఊపిరి లోపలికి పీల్చాలి. మాస్కు ముఖానికి అతుక్కుని పది సెకన్లు అలాగే ఉంటే సరే. గాలి పక్కనుంచి వస్తే పట్టీలు సరిచేయాలి. గడ్డం ఉంటే ఎంత ఖరీదైన మాస్కయినా అంచు పట్టదు. కార్ట్‌రిడ్జ్‌లో ఉండేది బొగ్గు. వాడనప్పుడు కూడా అది గాలిలో వాసనలు పీల్చుతూనే ఉంటుంది. పంపుల గదిలో మేకుకు తగిలిస్తే రెండు వారాల్లో పనికిరాకుండా పోతుంది. వాడిన వెంటనే గాలి చొరని డబ్బాలో, మందుకు దూరంగా పెట్టాలి. మాస్కు లోపల మందు వాసన వచ్చిందంటే ఆ క్షణమే మార్చాలి. కార్ట్‌రిడ్జ్ మీద మొదటిసారి సీల్ తీసిన తేదీ మార్కర్‌తో రాయండి.

మాస్కులు ఒక్కసారి కొని పంచితే మూడో నెలకు అన్నీ ఉత్త రబ్బరు ముక్కలే. కొనేటప్పుడే కార్ట్‌రిడ్జ్‌లకు కూడా డబ్బు పక్కన పెట్టాలి. అంత డబ్బు లేకపోతే మాస్కుల జోలికి పోకుండా గ్లౌజులు, సబ్బు, నీళ్ల మీద పెట్టండి. పొలంలో ఒంట్లోకి పోయే మందులో ఎక్కువ భాగం చర్మం ద్వారానే పోతుంది.

మిర్చికల్లం

ఆడవాళ్ల సంగతి ఇంతవరకు ఎవరూ తీయలేదు. పంపు మోసేది మగాయన, నీళ్లు మోసేది ఆమె. డ్రమ్ములో మందు పోసి కట్టెతో కలిపేదీ, కట్టె దొరకకపోతే చెయ్యి పెట్టి కలిపేదీ ఆమే. ట్యాంకులో ఉండేది నీళ్లు కలిపిన మందు, మూత తీసి కొలిచేది చిక్కటి మందు. ప్రొఫెనోఫాస్ 50 ఈసీ లీటరు నీళ్లకు 2 మి.లీ. చొప్పున కొడతారు, అంటే డబ్బాలో ఉన్న మందు ట్యాంకులో ఉన్నదానికన్నా 500 రెట్లు చిక్కన. డబ్బా మందు చేతి మీద ఒక్క చెంచా ఒలికితే రెండున్నర లీటర్ల ట్యాంకు మందు ఒలికినట్టే. గ్లౌజులు ఒక్క జతే ఉంటే పంపు పట్టినాయనకు కాదు, కలిపే మనిషికి ఇవ్వాలి.

గ్లౌజులు నైట్రైల్ (ఒక రకం కృత్రిమ రబ్బరు)వి కావాలి, మోచేతి దాకా వచ్చేంత పొడుగు, కాస్త మందంగా. ఆస్పత్రి పల్చటి రబ్బరు గ్లౌజుల్లోంచి ఈసీ మందుల ద్రావకం దిగిపోతుంది. గుడ్డ గ్లౌజులు లేకపోవడమే మేలు, నానిన గుడ్డ చేతికి కట్టుకున్నట్టు ఉంటుంది. తీసేముందు గ్లౌజులు చేతికి ఉండగానే సబ్బుతో కడిగి, అప్పుడు తీయాలి. ఉత్త చేత్తో పట్టుకుని లాగితే ఆ చెయ్యి పాడైనట్టే. ఆడవాళ్ల చేతులకు సరిపోయే చిన్న సైజు అడిగి తెప్పించండి. పెద్ద సైజు జారి మందులోనే పడుతుంది.

ఇక మందు కొట్టిన తోటలోకి మళ్లీ పోయేది ఎప్పుడు? పొద్దున కొట్టి, మధ్యాహ్నం కలుపుకు, మర్నాడు ఏరడానికి ఆడవాళ్లను పంపుతారు. అమెరికాలో లేబుల్ మీద వేరే గడువు రాయని మందులకు, వాటి తీవ్రతను బట్టి 12, 24, 48 గంటలు ఎవరినీ తోటలోకి పోనివ్వకూడదని నియమం ఉంది. మన లేబుల్ మీద సాధారణంగా ఉండేది మందు కొట్టినంక కోతకు ఎన్ని రోజులు ఆగాలన్నది. అది పంట తినేవాళ్ల కోసం పెట్టింది, లోపలికి పోయేవాళ్ల కోసం కాదు. ఒప్పందంలో డబ్బా మీద ఎర్ర (అత్యంత విషం), పసుపు (ఎక్కువ విషం) త్రికోణం ఉన్న మందులకు 48 గంటలు, మిగతావాటికి 24 గంటలు అని రాయించుకోవాలి. గట్టు మీద ఒక కట్టె పాతి ఎర్రగుడ్డ, దానికి అట్టముక్క మీద కొట్టిన తేదీ, టైము. మిర్చి ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చే గోండు కుటుంబాలు తెలుగు చదవలేకపోవచ్చు, ఎర్రగుడ్డ చూస్తే అర్థమవుతుంది. వాళ్లు పిల్లల్ని చెట్టు కింద పడుకోబెట్టేది కూడా ఆ తోట గట్టునే.

మందు బట్టలు ఇంటి బట్టలతో కలిపి నానబెట్టవద్దు. వేరే బకెట్, రెండుసార్లు సబ్బు, రెండుసార్లు నీళ్లు, ఎండలో ఆరేయడం. ఉతికే మనిషికీ గ్లౌజులు.

నర్సంపేట రైతు

అన్నీ మంచి మాటలే, ఒప్పుకుంటా. కానీ ఇక్కడ 'యజమాని' అంటే ఎవరు? నాలుగెకరాలు కౌలుకు పట్టి, సగం ట్యాంకులు తనే మోసి, చేతకానప్పుడు పక్కింటాయనను పిలుచుకునే మనిషి. ఆయన మీద రోజుకూలీ, గ్లౌజులు, పరిహారం అన్నీ వేస్తే మందు కొట్టించడం మానేసి మొత్తం తనే కొడతాడు, తనే పడిపోతాడు. పట్నం యూనియన్లు ఊళ్లోకి వచ్చి రైతుకూ కూలీకి మధ్య తగువు పెట్టి పోతే అది సంఘీభావం అనిపించుకోదు.

పరకాల పత్తిచేను

అడిగింది న్యాయమే అన్నా. కైకిలోడు మీ మీదికి రావాలని ఎవరం అనుకోం. మందు కొట్టే రైతు కూడా అదే మందు పీలుస్తున్నడు, ఒప్పందంల సబ్బు, నీళ్లు, గ్లౌజులు ఇద్దరికీ.

పైసల సంగతి. ఎకరానికి 200 లీటర్ల లెక్కన 12 ట్యాంకులకు పైనే. రోజుకూలీతోటి ఎకరం మీద ఖర్చు పెరుగుతది, నిజం. కానీ ఒక్క పిచికారీ తగ్గితే ఆ మందు ఖర్చు, ఆ కూలీ రెండూ మిగులుతయి. గులాబీ రంగు పురుగుకు లింగాకర్షక బుట్టల వరుసగా మూడు రాత్రులు రాత్రికి 8 రెక్కల పురుగులు పడ్డా, లేకుంటే 10 శాతం కాయలు దెబ్బతిన్నా అప్పుడు కొట్టాలె. దుకాణపాయన చెప్పిన తారీఖుకు, పక్క చేనాయన కొట్టిండని కొట్టుడే చాన చోట్ల జరుగుతున్నది. మూడు మందులు కలిపి కొట్టుడు కూడా అంతే. ఏది పనిచేసిందో తెల్వదు, ఒంటికి ఏది తగిలిందో డాక్టరుకు తెల్వదు, బిల్లు మాత్రం మూడింటిది.

లేబర్ కేసుల కాగితం

నర్సంపేట రైతన్న భయానికి చట్టం వైపు నుంచి జవాబు ఇస్తాను. కొంచెం పొడుగు.

పురుగుమందుల చట్టం 1968లోది. దాని కింద 1971 నియమాల్లో మందు కొట్టే పనివాళ్లకు ఏం ఉండాలో స్పష్టంగా ఉంది. 37వ నియమం వైద్య పరీక్షలది: పనిలో చేరేముందు, ఆ తర్వాత పనిలో ఉన్నన్నాళ్లూ నిర్ణీత కాలానికోసారి. ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ మందులు వాడేవాళ్లకు రక్తంలో కొలినెస్టరేస్ (ఈ మందులు దెబ్బతీసే ఎంజైము) నెలనెలా చూడాలి. 38 ప్రథమ చికిత్స, 39 రక్షణ దుస్తులు, 40 ఊపిరి సాధనాలు, 41 విరుగుడు మందులు, 42 శిక్షణ, 44 ఖాళీ డబ్బాల పారవేత. ఇవన్నీ చదివి సంబరపడేలోపు అదే చట్టం 38వ సెక్షన్ చూడాలి: తన సాగులో ఉన్న భూమిలో తాను వాడుకునే మందుకు ఈ చట్టం వర్తించదని అక్కడ మినహాయింపు ఉంది. రైతు మీద కేసు నిలబడని చోటు ఇదే. అందుకే ఆ నియమాల్లోని విషయాన్ని ఊరి ఒప్పందంగా రాసుకోవడం తప్ప దారి లేదు.

పరిహారం మాత్రం వేరే చట్టం. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం రెండో షెడ్యూల్‌లో వ్యవసాయంలో పురుగుమందు చల్లే, పొడి మందు కొట్టే పనిలో పెట్టుకున్నవాళ్లు కూడా ఉండేవారు. ఆర్గానోఫాస్ఫరస్ విషప్రభావం ఆ చట్టం మూడో షెడ్యూల్‌లో వృత్తి వ్యాధిగా ఉండేది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ లెక్క పద్ధతి అదే: చనిపోతే నెల వేతనంలో 50 శాతాన్ని వయసు కారకంతో హెచ్చవేస్తారు. 40 ఏళ్ల మనిషికి కారకం 184.17. నెల వేతనం 12,000 అనుకుంటే 6,000 × 184.17, అంటే 11,05,020 రూపాయలు. ఇంత మొత్తం చిన్న రైతు ఇవ్వలేడు, నిజమే. దానికే యజమాని బాధ్యత బీమా ఉంది. సాధారణ బీమా కంపెనీలు ఉద్యోగుల పరిహార పాలసీ అమ్ముతాయి. ఊరి రైతులంతా కలిసి సీజన్‌కు ఒక గుంపు పాలసీ తీసుకోవడం, అందులో ఒక వాటా పట్నం సంఘాలు భరించడం అనేది నా దృష్టిలో ఈ చర్చలో చేయదగ్గ పనుల్లో మొదటిది.

రైతుబీమా 5 లక్షలు పట్టాదారుకే. 2018 ఆగస్టు నుంచి ఉంది, వయసు 18 నుంచి 59. కైకిలి మనిషికి, కౌలు రైతుకు అది రాదు. వాళ్లకు ప్రధానమంత్రి సురక్షా బీమా చేయించండి: బ్యాంకు ఖాతా ఉంటే చాలు, ఏడాదికి 20 రూపాయలు, 18 నుంచి 70 ఏళ్లు, ప్రమాద మరణానికి 2 లక్షలు.

ఎక్కువ కుటుంబాలు నష్టపోయేది కాగితాల దగ్గర. పురుగుమందుతో మనిషి ఆస్పత్రికి రాగానే చాలాచోట్ల 'మందు తాగాడు' అని రాస్తారు. ఆ ఒక్క మాట తర్వాత పోలీసు కాగితంలోకి, పంచనామాలోకి పోతుంది. ప్రమాద బీమా, పరిహారం రెండూ అక్కడే ఆగిపోతాయి. చేర్చేటప్పుడే కేసు షీట్‌లో, ఎంఎల్‌సీ (పోలీసులకు పోయే ఆస్పత్రి నమోదు)లో 'పొలంలో మందు పిచికారీ చేస్తుండగా' అని రాయించాలి. ఎవరి చేను, ఏ పంట, ఏ మందు, ఎన్ని గంటలకు మొదలు, ఎన్ని ట్యాంకులు అన్నవి ఒక తెల్లకాగితం మీద రాసి, చేన్లో ఉన్న ఇద్దరితో సంతకం చేయించి డ్యూటీ డాక్టరుకు ఇవ్వండి. చనిపోతే బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 194 కింద జరిగే విచారణలో అదే కాగితం పోలీసులకు కూడా ఇవ్వాలి. బట్టలు ఉతకవద్దు, కవర్లో కట్టి అప్పగించండి. మందు కొన్న బిల్లు, దాని మీద బ్యాచ్ నంబరు దాచండి. పరిహారం దరఖాస్తుకు గడువు రెండేళ్లు.

రాష్ట్రం మీద పెట్టాల్సిన డిమాండు ఒకటుంది. పురుగుమందుల చట్టం 26వ సెక్షన్ ప్రకారం మందు విషప్రభావం కేసులన్నీ తప్పనిసరిగా తెలియజేయాలని రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇవ్వవచ్చు. 27వ సెక్షన్ కింద ప్రమాదకరమైన మందు అమ్మకాన్ని 60 రోజులు ఆపవచ్చు. కేసులు లెక్కకు రాకపోతే రెండోది ఎప్పటికీ జరగదు.

వార్డు డ్యూటీ

కొలినెస్టరేస్ గురించి ఒక మాట కలుపుతాను. పరీక్ష ఒక్కసారి చేయిస్తే పెద్దగా తెలిసేది లేదు, మనిషి మనిషికీ మామూలు స్థాయి వేరు. నెల రోజులు మందు ముట్టని సమయంలో, అంటే మే నెలలో, ఒక మొదటి కొలత తీసుకోవాలి. తర్వాత అదే ల్యాబులో అదే పద్ధతితో నెలనెలా చూడాలి. కాలిఫోర్నియాలో పాటించే లెక్క: మొదటి కొలతలో 80 శాతానికి పడిపోతే పనిచేసే తీరు సరిచూడాలి. ఎర్రకణాల కొలత 70 శాతానికి, లేదా ప్లాస్మా కొలత 60 శాతానికి పడితే మందు పని నుంచి తప్పించాలి, మళ్లీ 80 దాటాకే పంపాలి. మన ల్యాబుల్లో ఎక్కువగా చేసేది ప్లాస్మాది. తప్పించిన రోజులకు వేరే పని, అదే కూలీ ఇవ్వకపోతే ఎవరూ పరీక్షకు రారు. యూనియన్ల డబ్బుకు ఇది మంచి చోటు.

ఎనుమాముల ముఠా

ఇప్పుడు మా హమాలీలు ఏం చెయ్యగలరో అర్థమయితున్నది. 1965ల కాలిఫోర్నియా డెలానోల ద్రాక్షతోట కూలీలు సమ్మె కట్టినప్పుడు, ముందుగ పని ఆపింది ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన కూలీలు, తర్వాత సీజర్ చావెజ్, డొలొరెస్ హ్యూర్టా సంఘం కలిసింది. ఆ నవంబరుల శాన్‌ఫ్రాన్సిస్కో రేవుల హమాలీ సంఘం ఆ ద్రాక్షపెట్టెలు ఓడకు ‘ఎత్తం’ అని మొండికేసింది. కార్ల కార్మికుల సంఘం నెలకు 5,000 డాలర్లు ఇచ్చింది. 1970ల కుదిరిన ఒప్పందాలల్ల కూలీ ఒక్కటే లేదు, డీడీటీ, ఆల్డ్రిన్, డీల్డ్రిన్, ఎండ్రిన్ తోటలల్ల కొట్టొద్దని కూడా రాయించుకున్నరు.

మనం రైతు పత్తి బస్తా ఎత్తం అంటే అది తప్పు, రైతు కడుపు మీద కొట్టినట్టు అయితది. మన చేతుల ఉన్నది మందు పెట్టెలు. లారీల నుంచి దుకాణం గోదాములకు దించేది మన ముఠాలే. కారుతున్న పెట్టె, సీల్ లేని డబ్బా, పెట్టెల తెలుగు కరపత్రం లేని సరుకు దించం అని చెప్పొచ్చు. కరపత్రంల విషం లక్షణాలు, ప్రథమ చికిత్స, విరుగుడు ఉండాల్నని నియమం ఉన్నదే. దుకాణపాయన బిల్లు లేకుంట అమ్మొద్దని కూడా అక్కడే మాట్లాడొచ్చు. కారిన పెట్టె వీపు మీద మోస్తే మనకూ అంతే తగులుతది గదా.

బొగ్గుబావి రెస్క్యూ

పంపుల తనిఖీ కూడా ఆదివారం శిక్షణలో పెడదాం. కొత్త మనిషికి ఎక్కడ చూడాలో తెలియదు. ట్యాంకు నిండా ఉత్త నీళ్లు పోసి, వీపు తగిలే వైపు పాత పేపరు టేపుతో అంటించి, పంపు ఆన్ చేసి పది నిమిషాలు నడవాలి. పేపరు పైభాగం తడిస్తే మూత వాషర్ పోయింది, కింద తడిస్తే పైపు బిగింపు దగ్గర కారుతోంది. ట్రిగ్గర్ పిడి కింద ఆరబెట్టిన గుడ్డ చుట్టండి, తడిస్తే గన్ లోపలి సీల్ మార్చాలి. ఇవన్నీ చిన్న రబ్బరు ముక్కలు, హన్మకొండలో పంపులు బాగుచేసే ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి. వీపుకూ ట్యాంకుకూ మధ్య యూరియా సంచి లోపలి ప్లాస్టిక్ కవరు కట్టుకుంటే తప్పు లేదు, కానీ కారే పంపుకు అది పరిష్కారం కాదు.

నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదవద్దు. ఇది రాసి రాసి చేతులు నొచ్చినా మళ్లీ రాస్తున్నాను. ప్రతి జట్టుకు రెండు నాజిళ్లు అదనంగా, ఒక పాత టూత్‌బ్రష్, ఒక సీసా మంచినీళ్లు ఇవ్వండి.

మిర్చికల్లం

నీళ్ల లెక్క కూడా రాయండి. కడుక్కోవడానికి మనిషికి కనీసం 20 లీటర్లు, మందు కలిపే చోటికి పది అడుగుల దూరంలో, మూత ఉన్న డ్రమ్ములో. తాగే నీళ్లు వేరు. మందు డ్రమ్ములోంచి చెంబుతో ముంచిన నీళ్లే ముఖం కడగడానికి వాడితే కడగనట్టే. సబ్బు చిన్న ముక్కలుగా కోసి పాత మేజోడులో కట్టి డ్రమ్ముకు వేలాడదీస్తే పోదు.

ఖాళీ డబ్బాలో నీళ్లు పావు వంతు పోసి, అర నిమిషం కుదిపి, ఆ నీళ్లు ట్యాంకులోనే పోయాలి. ఇలా మూడుసార్లు. తర్వాత అడుగున మేకుతో మూడు చిల్లులు. చిల్లు పడిన డబ్బాలో ఎవరూ కిరోసిన్ గానీ నూనె గానీ పోసుకోరు.

నర్సంపేట రైతు

బీమా వాటా సంఘాలు భరిస్తామంటే మా ఊరి రైతులతో మాట్లాడడానికి నేను సిద్ధం. ఒప్పందం ఒక్క కాగితం దాటకూడదు. రోజుకూలీ, వేళలు, కడుక్కునే నీళ్లు, సబ్బు, గ్లౌజులు, ఎర్రగుడ్డ, కలిపిన మందుల పేర్లు రాసే నోటుబుక్కు. ఎర్ర త్రికోణం మందు కొట్టించం అన్నది కూడా మొదటి వాక్యంగా పెట్టండి, చాలామంది రైతులు ఒప్పుకుంటారు. మోనోక్రోటోఫాస్‌ను 2005లోనే కూరగాయల మీద నిషేధించారు. ఫోరేట్, ట్రయజోఫాస్ 2020 డిసెంబరు 31 నుంచి దేశమంతా బంద్. అయినా ఎవరి ఇంట్లోనైనా పాత డబ్బా ఉంటే అది బయటికి తీయించాలి.

లేబర్ కేసుల కాగితం

ఒక సవరణ అన్నా. 'రైతు ఇవ్వవలెను, కూలీ తీసుకొనవలెను' అని రాస్తే రేపు కూలీ గ్లౌజులు తొడగలేదని తప్పు ఆయన మీదికి నెడతారు. 'కడుక్కునే నీళ్లు, సబ్బు, గ్లౌజులు చేనుకు చేరాకే పని మొదలవుతుంది, చేరేదాకా ఎదురుచూసిన సమయానికి కూలీ ఉంటుంది' అని రాయండి. ముసాయిదా రెండు ప్రతులు రాసి ఇక్కడే పెడతాను, మే నెలలో మొదటి రక్తపరీక్షకు వచ్చే రోజునే సంతకాలు పెట్టించవచ్చు.